ప్రొపెల్లర్ గవర్నర్ బాగానే పనిచేస్తోంది కదా, భాగం ఇప్పుడే మార్చాలా?

మీ సెస్నా 182 విమానంలో ప్రొపెల్లర్ వేగాన్ని నిలకడగా ఉంచే గవర్నర్‌లోని ఒక భాగం లోపభూయిష్టమని ఎయిర్‌వర్దీనెస్ డైరెక్టివ్ (విమాన భద్రతా అధికారులిచ్చే తప్పనిసరి ఆదేశం) వచ్చిందనీ, ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) మాత్రం నిలకడగానే ఉందనీ, కొన్నాళ్లు ఆగొచ్చా అనీ అడిగారు. బెంగళూరు జక్కూరులో చిన్న విమానాల మెయింటెనెన్స్ చేసేవాడిగా చెబుతున్నాను, ఆగకండి.

గవర్నర్‌లో చిన్న గేర్ పంపు ఉంటుంది. ఇంజిన్ ఆయిల్ ప్రెషర్ పెంచి ప్రొపెల్లర్ మధ్యలోని హబ్‌కు పంపేది అదే. ఫ్లైవెయిట్లు (వేగాన్ని బట్టి విచ్చుకునే చిన్న బరువులు), స్ప్రింగ్ కలిసి ఆ ఆయిల్‌ను నియంత్రించే పైలట్ వాల్వ్‌ను కదుపుతాయి. మీ విమానంలో ఆయిల్ ప్రెషరే బ్లేడ్ పిచ్‌ను, అంటే బ్లేడ్ కోణాన్ని, పెంచుతుంది. అది పోతే బ్లేడ్లు తక్కువ పిచ్‌కు వెళ్లిపోతాయి, ఇంజిన్ ఓవర్‌స్పీడ్ అవుతుంది. పగలబోయే గేరు పగిలేదాకా బాగానే తిరుగుతుంది. అందుకే టేకాఫ్‌కు ముందు చేసే రన్-అప్ పరీక్షలో ఆర్‌పీఎం సరిగ్గా పడి లేచిందని ధైర్యపడకూడదు.

ముందు సీరియల్ నంబర్ చూడండి, లాగ్‌బుక్‌లో కాదు, గవర్నర్ మీదే. ఒక ఫ్లయింగ్ స్కూల్ విమానంలో టార్చి, అద్దం పెట్టి, జిడ్డు తుడిచి డేటా ప్లేట్ చదివితే లాగ్‌బుక్‌లో ఉన్నది వేరే నంబర్. ఎప్పుడో ఓవర్‌హాల్‌కు పంపినప్పుడు మార్చి ఇచ్చారు, ఎవరూ రాయలేదు. కాగితాల ప్రకారం ఆ డైరెక్టివ్ దానికి వర్తించదు, నిజానికి వర్తిస్తుంది!

గవర్నర్ విప్పాక గ్యాస్కెట్‌లో (ఆయిల్ కారకుండా అతుకు మధ్య వేసే పొర) ఉండే జల్లెడను తెల్లగుడ్డ మీద పెట్టి చూడండి. ఆ విమానంలో సన్నటి మెరుపు రవ్వలు కనిపించాయి, అయస్కాంతానికి అంటుకున్నాయి. అలా ఉంటే కొత్తది వెంటనే బిగించకండి. ఆయిల్ ఫిల్టర్ కోసి చూడాలి, లోహం ఎక్కణ్నుంచి వస్తోందో తేలాలి, హబ్ కూడా శుభ్రం చేయించాలి. లేదంటే కొత్త గవర్నర్‌కూ అదే గతి.

లోపలి భాగాలు హ్యాంగర్‌లో మార్చేవి కావు, ఆమోదం ఉన్న షాపుకే పంపండి. రిలీజ్ సర్టిఫికెట్ (విమానంలో వాడొచ్చని ఇచ్చే ధ్రువపత్రం) లేని భాగం ఎంత చవకైనా వద్దు. బిగించేటప్పుడు గ్యాస్కెట్ కొత్తది వేసి, జల్లెడ మాన్యువల్ చెప్పిన వైపే ఉందో లేదో మరొకరితో చూపించండి. తర్వాత గ్రౌండ్ రన్, లీక్ చెక్, గరిష్ఠ ఆర్‌పీఎం స్టాప్ సరిచూడటం.

డైరెక్టివ్‌లో కొన్ని గంటల గడువు ఉండొచ్చు. అయినా ఆ గంటల్లో విద్యార్థిని సోలోకు పంపకండి. మీరే ఎగరేస్తూ ఓవర్‌స్పీడ్ వస్తే థ్రాటిల్ తగ్గించండి, స్పీడ్ తగ్గించండి, ఆయిల్ ప్రెషర్ చూసుకుంటూ దగ్గరి రన్‌వే మీద దిగిపోండి.