పాస్‌పోర్టులో ‘వితౌట్ లెట్’ అంటే ఏమిటి? పాత ఇంగ్లీషు మాటలకు ఏ నిఘంటువు చూడాలి?

పాస్‌పోర్టు లోపలి పేజీలో, రాష్ట్రపతి పేరిట, ఈ మనిషిని ‘వితౌట్ లెట్ ఆర్ హిండ్రెన్స్’ వెళ్ళనివ్వండి అని ఉంది. లెట్ అంటే అనుమతించడం కదా, అనుమతి లేకుండా వెళ్ళనివ్వమనడం ఏమిటి అని అడిగారు. ఇక్కడ లెట్ అంటే ఆటంకం. అదే పేజీలో హిందీలో ‘బినా రోక్-టోక్’ అని ఉంటుంది చూడండి. అడ్డూ ఆపూ లేకుండా అని అర్థం.

ఒకే మాటకు రెండు ఎదురెదురు అర్థాలు ఎలా వచ్చాయంటే, అసలవి ఒకే మాట కావు. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో రెండు వేరు క్రియలు ఉండేవి. ఒకటి రానివ్వడం, వదిలిపెట్టడం. రెండోది ఆలస్యం చేయడం, అడ్డుపడటం. ఇది ఇప్పటి ‘లేట్’కు చుట్టం. నోళ్ళలో నలిగి నలిగి రెండూ ఒకే రూపానికి వచ్చాయి. షేక్స్‌పియర్ హామ్లెట్‌లో తండ్రి దెయ్యం వెంట వెళ్ళబోతున్న యువరాజును స్నేహితులు పట్టుకుని ఆపుతుంటే, ‘నన్ను లెట్ చేసేవాణ్ణి దెయ్యాన్ని చేసేస్తా’ అంటాడు. అక్కడున్నది ఈ రెండో లెట్టే. తరవాత అది మామూలు వాడుకలోంచి పోయింది. పాస్‌పోర్టులో, కోర్టు కాగితాల్లో మిగిలింది. టెన్నిస్‌లో సర్వీసు బంతి నెట్‌కు తగిలి అవతల పడితే లెట్ అంటారే, దాన్నీ దీనికిందే చెబుతారు.

ఇలాంటి మాటలతో నా తొలి తగవు చిన్నప్పుడే జరిగింది. మా నాయనమ్మ రోజూ పడుకునేముందు నాతో బైబిల్లోని 23వ కీర్తన చెప్పించేది. ‘యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు.’ తొమ్మిదో తరగతిలో ఇంగ్లీషు మీడియానికి మారాక, బడి ప్రార్థనలో అదే కీర్తనను 1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదంలో చదివించారు. ‘ఐ షల్ నాట్ వాంట్.’ వాంట్ అంటే కోరుకోవడం అనే నాకు తెలుసు. ప్రభువు నా కాపరి, ఆయన నాకు వద్దు అన్నట్టు వినబడింది. భయమేసి ఇంటికొచ్చి నాయనమ్మను అడిగాను. ఆవిడకు ఇంగ్లీషు అక్షరం రాదు. ‘లేమి అంటే లేకపోవడం నాన్నా. మనకేం తక్కువ కాదు అని’ అంది. చాలా ఏళ్ళకు ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువులో వాంట్ దగ్గరికి వెళ్తే, ముందు లోటుపడటం, ఆ తరవాతే కోరుకోవడం. నాయనమ్మ మాటే అక్కడ అచ్చులో ఉంది.

తెలియని మాట ఎదురైతే మనమే ఆగి నిఘంటువు తీస్తాం. తెలిసిన మాట దగ్గర ఎవరమూ ఆగం. దెబ్బ అక్కడే తగులుతుంది.

నాకు గట్టిగా తగిలింది అనువాదంలో. ఒక ప్రచురణకర్త కోసం కంపెనీ కాలం నాటి ఉత్తరాలు తెలుగు చేస్తున్నాను. ఒక దొర జమీందారుతో ‘గ్రేట్ కండిసెన్షన్’తో మాట్లాడాడని ఉంది. ఇప్పటి అర్థం పట్టుకుని ‘ఎంతో చులకనగా’ అని రాసేశాను. ప్రూఫులు చూసే పెద్దాయన దాని కింద పెన్సిల్‌తో గీత గీసి, ‘చులకన చేసినవాడికి జమీందారు తరవాతి వాక్యంలోనే కృతజ్ఞతలు ఎందుకు చెబుతాడు?’ అని పక్కన రాశారు. పద్దెనిమిదో శతాబ్దంలో వచ్చిన జాన్సన్ ఇంగ్లీషు నిఘంటువు తీస్తే విషయం తెలిసింది. పై స్థాయిలో ఉన్నవాడు తన ఇష్టంతో కిందికి దిగి, చిన్నవాళ్ళతో సమానంగా మెలగడమట. ఆ రోజుల్లో అది మెచ్చుకోలు. ‘ఎంతో ఆదరంగా’ అని దిద్దాను. కానీ టెన్షన్ పోలేదు. అచ్చుకు వెళ్ళబోతున్న పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి మళ్ళీ చదివాను, ఈసారి తెలిసిన మాటలన్నిటి దగ్గరా ఆగుతూ.

ఇప్పుడు ఏ నిఘంటువు అన్నదానికి వస్తాను. పద్దెనిమిదో శతాబ్దపు రచనలకైతే శామ్యూల్ జాన్సన్‌ది. 1755లో వచ్చింది. లండన్‌లో గఫ్ స్క్వేర్ ఇంటి పై అంతస్తులో ఆరుగురు రాయసగాళ్ళను పెట్టుకుని, నలభై రెండు వేలకు పైగా మాటలకు అర్థాలు రాశాడు. లక్షకు పైగా ఉదాహరణలు ఇచ్చాడు. ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. అన్ని కాలాలకూ కలిపి కావాలంటే ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ. మొదటి భాగం 1884లో వస్తే పూర్తయ్యేసరికి 1928. దాన్ని నడిపించిన జేమ్స్ ముర్రే 1915లోనే పోయాడు, పూర్తయిన పుస్తకం చూడలేదు. ఎక్కడెక్కడి పాఠకులో పుస్తకాలు చదివి, మాట కనబడ్డ వాక్యాన్ని చీటీ మీద రాసి పంపితే, అలాంటి వాటిలోంచి ఏరి పద్దెనిమిది లక్షలకు పైగా ఉదాహరణలు అచ్చువేశారు. ఆ మనుషులను తలుచుకున్నప్పుడల్లా నాకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఈ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో కొత్తవాళ్ళు పొరబడే చోటు ఒకటుంది. అర్థాలను వాడుకను బట్టి కాక పుట్టిన వరసలో ఇస్తారు. మొదట ఉన్నది పాతది, ఎప్పుడో పోయింది కూడా కావచ్చు. పోయినవాటి ముందు చిన్న బాకు గుర్తు ఉంటుంది. మీ పుస్తకం ఏ సంవత్సరానిదో చూసుకుని, ఆ సంవత్సరానికి దగ్గర ఉదాహరణ ఏ అర్థం కింద ఉందో వెతకండి. నేను ఎప్పుడూ అలాగే చేస్తాను.

మన మాటలూ ఇలా మారినవే. రాముడు నారచీరలు కట్టి అడవికి వెళ్ళాడని చదివి ఎవరూ కంగారుపడరు, అక్కడ చీర అంటే వస్త్రమని తెలుసు. సంస్కృతంలో మృగమంటే జంతువూ, జింకా కూడా. ఇంగ్లీషులో ‘డీర్’ కూడా ఒకప్పుడు ఏ జంతువైనా సరే, తరవాతే జింకయింది. ఈ రెండింటినీ పక్కపక్కన చూసిన రోజు నాకు పట్టరాని సంతోషం కలిగింది.

మీరు బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వాడుతున్నా ఇదే జాగ్రత్త తీసుకోండి. అది 1852 నాటిది. తెలుగు మాటకు ఆయన ఇచ్చిన ఇంగ్లీషు కూడా ఆ కాలానిదే. అర్థం అతకనట్టు అనిపిస్తే, ముందు ఆ ఇంగ్లీషు మాటను ఆక్స్‌ఫర్డ్‌లో చూడండి.