బయాలజీ చదవని అమ్మాయి మెడికల్ ఇమేజింగ్‌లో రీసెర్చ్ చేయగలదా?

ప్రశ్న: మా అమ్మాయి కాకినాడలో బీటెక్ ఈసీఈ మూడో సంవత్సరం చదువుతోంది. మెడికల్ ఇమేజింగ్‌లో పీహెచ్‌డీ చేసి రీసెర్చ్‌లోనే స్థిరపడతానంటోంది. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకుంది, బయాలజీ రాదు. డాక్టర్ కాకుండా ఈ రంగంలో ఏం చేస్తుంది? ఏఐ వచ్చాక స్కాన్లు కంప్యూటరే చూసేస్తుందంటున్నారు, అప్పుడు ఉద్యోగాలు ఉంటాయా? పీహెచ్‌డీకి ఎంత ఖర్చవుతుంది? క్యాంపస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వస్తే వదులుకోవాలా? చాలా టెన్షన్‌గా ఉంది. – ఒక తండ్రి, అమలాపురం

జవాబు: సీటీ స్కాన్‌కు 1979లో వైద్యశాస్త్ర నోబెల్ ఇచ్చారండీ. అందుకున్న ఇద్దరిలో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ ఇంగ్లండ్‌లో ఈఎంఐ కంపెనీ ఇంజినీరు, అలన్ కార్మాక్ ఫిజిక్స్ ప్రొఫెసర్. ఎమ్మారైకి 2003లో ఇచ్చారు. పాల్ లాటర్‌బర్‌ది కెమిస్ట్రీ, పీటర్ మాన్స్‌ఫీల్డ్‌ది ఫిజిక్స్. ఈ నలుగురిలో ఒక్కరూ డాక్టర్ కాదు. మన దేశంలోనూ ఉదాహరణ ఉంది. ఒంటి చుట్టూ రకరకాల కోణాల్లో తీసిన ఎక్స్‌రేల నుంచి లోపలి బొమ్మను లెక్కగట్టడానికి కన్వల్యూషన్ అనే గణిత ప్రక్రియతో ఒక పద్ధతి చెప్పారు మన శాస్త్రవేత్తలు జి.ఎన్. రామచంద్రన్, ఎ.వి. లక్ష్మీనారాయణన్. అది 1971 నాటి మాట. ఆ ఇద్దరి పేర్లతో 'రామ్-లాక్ ఫిల్టర్' అని సీటీ పాఠాల్లో ఇవాళ్టికీ చెబుతారు. మీ అమ్మాయిని అడిగి చూడండి, కన్వల్యూషన్, ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్ రెండూ ఆమె సిగ్నల్స్ సబ్జెక్టులోనే ఉంటాయి. ఈ రంగానికి గుమ్మం అదే. అవసరమైన అనాటమీ పని చేస్తూ నేర్చుకోవచ్చు. గణితం గట్టిగా లేకపోతేనే తర్వాత కష్టం.

చాలామంది తల్లిదండ్రులు మూడు పనులను కలిపేసి చూస్తారు. మెషిన్ నడిపేది టెక్నాలజిస్ట్, దానికి బీఎస్సీ ఇమేజింగ్ టెక్నాలజీ కోర్సులున్నాయి. రిపోర్ట్ రాసేది రేడియాలజిస్ట్, ఎంబీబీఎస్ తర్వాత ఎండీ చేసిన డాక్టర్. మీ అమ్మాయి అంటున్నది మూడోది. తక్కువ సమయంలో, తక్కువ రేడియేషన్‌తో ఇంకా స్పష్టమైన బొమ్మ ఎలా తీయాలి, దాన్నుంచి జబ్బు గురించి ఇంకేం తెలుసుకోవచ్చు అని వెతికే పని.

ఆ పని ఎలా ఉంటుందో ఒక్క ఉదాహరణ చెప్తాను. ఎమ్మారైలో పేషెంట్ ఇరవై నిమిషాలో, అరగంటో కదలకుండా పడుకోవాలి. చిన్నపిల్లలైతే చాలాసార్లు మత్తు ఇవ్వాల్సి వస్తుంది. మెషిన్ చేత తక్కువ కొలతలు తీయించి, మిగతాది గణితంతో రాబట్టవచ్చని స్టాన్‌ఫర్డ్‌కు చెందిన మైకేల్ లస్టిగ్, డేవిడ్ డోనహో, జాన్ పాలీ 2007లో ఒక పేపర్ ప్రచురించారు. కంప్రెస్డ్ సెన్సింగ్ అంటారు దాన్ని. ఆ పద్ధతితో కంపెనీలు చేసిన స్కానర్ సాఫ్ట్‌వేర్‌కు అమెరికాలో అనుమతి దొరికింది 2017లో. అంటే పదేళ్లు. ఈ వృత్తిలో ఫలితం ఇలాగే నిదానంగా వస్తుంది. నెలనెలా ఏదో ఒకటి సాధించాలనుకునే పిల్లలకు ఇది నప్పదు. మీ అమ్మాయికి అంత ఓపిక ఉందో లేదో మీకే బాగా తెలుస్తుంది.

ఏఐ భయం గురించి. ఏఐ రంగంలో జెఫ్రీ హింటన్ అంతటి శాస్త్రవేత్త 2016లోనే, రేడియాలజిస్టులకు ఇక శిక్షణ ఆపేయాలి, ఐదేళ్లలో డీప్ లెర్నింగ్ అనే ఏఐ పద్ధతి వాళ్లను మించిపోతుందని అన్నారు. ఐదేళ్లు దాటాయి, రేడియాలజిస్టుల అవసరం తగ్గలేదు. అలాగని ఏఐ పనికిరానిదేం కాదు. టీబీ స్క్రీనింగ్‌లో ఛాతీ ఎక్స్‌రేలను కంప్యూటర్‌తో చదివించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫార్సు చేసింది. చిక్కెక్కడంటే, ఒక ఆసుపత్రి స్కాన్లతో నేర్పిన సాఫ్ట్‌వేర్ మరో ఆసుపత్రిలో మరో కంపెనీ మెషిన్ దగ్గర తడబడుతుంది. ఎందుకు తడబడుతోందో, ఎలా సరిచేయాలో తేల్చాల్సింది బొమ్మ ఎలా తయారవుతుందో తెలిసినవాళ్లు. కాబట్టి కోడింగ్ ఒక్కటే నేర్చుకుంటే చాలదు, మెషిన్ వెనకున్న ఫిజిక్స్ కూడా పట్టుకోమని మీ అమ్మాయికి గట్టిగా చెప్పండి. ఏఐ ప్రవాహంలో ఈ సంగతి వదిలేస్తున్న విద్యార్థులను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇక అసలు విషయం, ఎక్కడ చేయాలి. చాలామంది ర్యాంకింగ్ చూసి ఊరుకుంటారు. నేను గైడ్‌ను, అంటే పీహెచ్‌డీ చేయించే ప్రొఫెసర్‌ను చూడమంటాను, ఆ గైడ్‌కు ఏ ఆసుపత్రితో నిజమైన సంబంధం ఉందో చూడమంటాను. ఎందుకంటే ఇమేజింగ్‌లో పనికొచ్చే ప్రశ్న డాక్టర్ దగ్గర పుడుతుంది. రోజూ స్కాన్లు చూసే మనిషితో మాట్లాడకుండా చేసిన పీహెచ్‌డీ చివరికి ఎవరికీ అక్కర్లేని ప్రశ్నకు చక్కని జవాబుగా మిగిలిపోతుంది. చేరే ముందు ప్రొఫెసర్‌ను, అంతకన్నా ముఖ్యంగా ఆ ల్యాబ్‌లోని సీనియర్లను ఇవి అడగాలి: డాక్టర్ ఎవరైనా కో-గైడ్‌గా ఉన్నారా? రీసెర్చ్ కోసం స్కానర్ ఎప్పుడు దొరుకుతుంది? (ఆసుపత్రుల్లో పగలంతా పేషెంట్లదే కాబట్టి రాత్రి పూట, సెలవు రోజుల్లో పని చేయాల్సి రావచ్చు, దానికి ఇంట్లోవాళ్లూ సిద్ధపడాలి.) ఎథిక్స్ కమిటీ అనుమతి ఇప్పటికే ఉందా, కొత్తగా తెచ్చుకోవాలా? ఇంతకుముందు పూర్తి చేసినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు? ఈ ఆఖరి ప్రశ్నకు నీళ్లు నమిలితే ఆ ల్యాబ్ వద్దు. అల్ట్రాసౌండ్ మీద చేయాలనుకుంటే ఇంకొకటి అడగాలి. లింగ నిర్ధారణ నిషేధ చట్టం వల్ల రిజిస్ట్రేషన్ లేని చోటికి ఆ మెషిన్లు అమ్మకూడదు, అందుకని ల్యాబ్‌కు ఆ అనుమతి ఉందో లేదో ముందే తెలుసుకోవాలి.

వెతకడానికి కొన్ని చోట్లు చెప్తాను. తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థలో ఆసుపత్రి, వైద్య పరికరాలు రూపొందించే విభాగం రెండూ ఒకే గొడుగు కింద ఉన్నాయి. నేను చెప్పిన సంబంధానికి అంతకన్నా మంచి ఉదాహరణ మన దేశంలో తక్కువ. బెంగళూరులో ఐఐఎస్సీ, నిమ్హాన్స్, ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎన్ఎమ్ఆర్ (ఎమ్మారైకి మూలమైన సాంకేతికత) విభాగం, మానేసర్‌లో నేషనల్ బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్ ఉన్నాయి. హైదరాబాద్‌లో ఐఐటీ బయోమెడికల్ విభాగం, ట్రిపుల్ ఐటీ, కంటి ఇమేజింగ్ అయితే ఎల్వీ ప్రసాద్ సంస్థ.

ఖర్చు సంగతి మీరనుకున్నంత భయంకరంగా లేదు. ఫెలోషిప్ వస్తే ఎదురు డబ్బులిస్తారు. 2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. ఐదారేళ్లు పడుతుందనుకోండి. ఆ వయసులో సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితుల జీతం ఇంతకన్నా ఎక్కువే ఉంటుంది, అది దాచాల్సిన పని లేదు. విదేశాల మాట వస్తే, అమెరికాలో పీహెచ్‌డీకి సాధారణంగా ట్యూషన్ ఫీజు, స్టైపెండ్ యూనివర్సిటీయే చూసుకుంటుంది, ఎంఎస్‌కు చాలావరకు మన డబ్బే. 'ముందు ఎంఎస్‌కు వెళ్తే తర్వాత పీహెచ్‌డీ దానంతటదే వస్తుంది' అని కన్సల్టెన్సీ వాళ్లు చెబితే నమ్మి ఇల్లు తాకట్టు పెట్టకండి.

పీహెచ్‌డీ తర్వాత యూనివర్సిటీల్లో ఫ్యాకల్టీ పోస్టులున్నాయి, కంపెనీలూ ఉన్నాయి. జీఈ, సీమెన్స్, ఫిలిప్స్ సంస్థల ఇమేజింగ్ పరిశోధన కేంద్రాలు బెంగళూరులో ఉన్నాయి. విశాఖలో వైద్య పరికరాల తయారీకి మెడ్‌టెక్ జోన్ వచ్చింది కానీ, నిజం చెప్పాలంటే ఇప్పటికైతే అమ్మాయి బెంగళూరుకో, విదేశానికో వెళ్లడానికి మీరు మనసు సిద్ధం చేసుకోవాలి. సొంతూరికి దగ్గరగా ఉండే ఉద్యోగమే కావాలనుకుంటే ఈ దారి పట్టించకండి.

క్యాంపస్ ఉద్యోగం గురించి ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదు. మూడో సంవత్సరం నుంచే గేట్ రాయవచ్చు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. 2020 నుంచి బయోమెడికల్ ఇంజినీరింగ్ పేపర్ కూడా ఉంది. ఈసీతో పాటు దాన్నీ రాయడానికి వీలుందేమో ఆ ఏడాది బ్రోచర్‌లో చూసుకోవాలి. ఇంట్లో అప్పులుంటే ఒకటి రెండేళ్లు ఉద్యోగం చేసి వెళ్లినా తప్పు లేదు.

ఈలోపు ఈ వేసవిలో చేయదగ్గ పని ఒకటుంది. న్యూయార్క్ యూనివర్సిటీ వాళ్ల ఫాస్ట్‌ఎమ్మారై డేటాలో మెషిన్ నుంచి వచ్చిన ముడి కొలతలే ఉంటాయి, దరఖాస్తు పెడితే ఉచితంగా ఇస్తారు. వాటినుంచి ఒక మోకాలి బొమ్మను పైథాన్‌లో తనే కట్టమనండి. తర్వాత సగం కొలతలు తీసేసి, బొమ్మ ఎలా పాడవుతుందో చూడమనండి. అది చేస్తూ రాత్రి భోజనం మర్చిపోయిందంటే మీరిక అడ్డు చెప్పకండి. ఆ పని తాలూకు రెండు పేజీల రిపోర్టును జతచేసి ప్రొఫెసర్లకు ఇంటర్న్‌షిప్ కోసం మెయిల్ రాయమనండి. ఉత్త బయోడేటా పంపితే జవాబు రావడం కష్టం.