పట్టుచీరల దుకాణానికి వీడియో

ప్రశ్న: బరంపురంలో మాకు పట్టుచీరల దుకాణం ఉంది. ప్రచారానికి రెండు నిమిషాల వీడియో తీయించాలనుకుంటున్నాం. ఒక్కరోజు పనికి అంత ఖర్చు ఎందుకండీ?
– ఒక పాఠకురాలు, గంజాం జిల్లా

జవాబు: అమ్మా, ఆ డబ్బు కెమెరా తిరిగిన రోజుకే కాదు. ముందు స్క్రిప్టు, తర్వాత ఎడిటింగ్, రంగుల సవరణ, వ్యాఖ్యానం ఉంటాయి. అయినా రెండు నిమిషాలు ఎందుకు? ముప్పై సెకన్లు చాలు. మగ్గం మీద కుంభం అంచు, అంటే గుడి శిఖరాల వరుసలాంటి అంచు, తేలడం చూపించండి. ఫలానా ఊరి సరుకని చట్టం ఇచ్చే భౌగోళిక గుర్తింపు పొందిన నేత మీది. మోడల్ నవ్వు ఎక్కడైనా దొరుకుతుంది.

పట్టుకు వెలుతురే ప్రాణం. దుకాణంలో రకరకాల దీపాల కింద తీస్తే రంగు మారిపోతుంది, చీర అందుకున్నవారు తిప్పి పంపుతారు. పైగా మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 ఆవృత్తులు. షట్టర్ వేగం, అంటే ఒక్కో ఫ్రేముకు కెమెరా వెలుతురు తీసుకునే సమయం, దానికి కుదరకపోతే కొన్ని దీపాల కింద దృశ్యం మినుకుమంటుంది. ఉదయం కిటికీ పక్కన తీయమనండి.

ఫోనుకు నిలువుగా 9:16, యూట్యూబ్‌కు అడ్డంగా 16:9 కావాలని ముందే చెప్పండి. తర్వాత కత్తిరిస్తే పోయేది అంచే! తెలుగు, ఒడియా వ్యాఖ్యానాలు విడిగా చేయించి, తెరపై అక్షరాలు లేని ప్రతి కూడా తీసుకోండి. అనుమతి లేకుండా సినిమా పాట మాత్రం పెట్టనివ్వకండి. హక్కుదారు ఫిర్యాదు చేస్తే వీడియోను తొలగించవచ్చు.