అక్క పేరు సినిమాలో రాకుండా ఆపొచ్చు, ఇప్పుడే కదలండి

ప్రొద్దుటూరు నుంచి ఒకామె అడిగినారు: "మా అక్కను అత్యాచారం చేసి చంపినోడు అట్లే ఇంకా కొంతమంది ఆడోళ్లను చంపినాడని కోర్టులో తేలి శిక్ష పడింది. ఇప్పుడు వాని మీద సినిమా తీస్తున్నారు, అక్క పేరు, మా ఊరు ఉన్నవి ఉన్నట్టే పెడతారంట. నాన్న సంతకం కోసం పేపర్ తెచ్చినారు. సినిమా ఆపొచ్చా సార్?"

అమ్మా, ముందు నాన్నకు చెప్పండి, ఎంత డబ్బు ఇస్తామన్నా ఆ పేపర్ మీద సంతకం పెట్టొద్దని.

సినిమా మొత్తం ఆపడం మాత్రం కష్టం, లేని ఆశ పెట్టలేను. మద్రాసులో హత్యల కేసులో ఉరిశిక్ష పడిన ఆటో శంకర్ జైల్లో రాసిన ఆత్మకథను నక్కీరన్ పత్రిక వేయబోతే జైలు అధికారులు అడ్డుపడినారు, అది సుప్రీంకోర్టు దాకా పోయింది, 1994లో కోర్టు ఏమందంటే కోర్టు రికార్డుల్లో ఉన్న విషయం ఎవరైనా రాసుకోవచ్చు, పర్మిషన్ అక్కర్లేదు అని. సినిమావాళ్ల లాయర్ చూపించేది ఈ తీర్పే. కానీ అదే తీర్పులో మీకు పనికొచ్చే మాట కూడా ఉంది, లైంగిక దాడికో కిడ్నాప్‌కో గురైన ఆడమనిషి పేరు రికార్డులో ఉన్నా సరే బయట పెట్టకూడదు అని.

దీనికి విడిగా సెక్షనే ఉంది. ఇంతకుముందు ఐపీసీ 228ఏ, 2024 జులై 1 నుంచి దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 72. పేరే కాదు, మనిషిని గుర్తుపట్టే ఏ వివరం వేసినా రెండేళ్ల దాకా జైలు, జరిమానా, కాబట్టి పేరొక్కటి మార్చి ఊరు, ఇల్లు, చదివిన కాలేజీ అట్లే చూపిస్తామంటే కుదరదు. చనిపోయిన మనిషికి ఇంక ప్రైవసీ ఏంది అంటారు, దానికి జవాబు 2018లో సుప్రీంకోర్టు నిపుణ్ సక్సేనా కేసులో ఇచ్చిన తీర్పు: చనిపోయినా పేరు చెప్పకూడదు, ఇంట్లోవాళ్లు ఒప్పుకున్నా చాలదు, నిజంగా అవసరం ఉందని సెషన్స్ జడ్జి తేల్చాలి. అందుకే నాన్న సంతకంతో వాళ్లకు హక్కు రాదు గానీ, రేపు కోర్టులో కుటుంబమే ఒప్పుకుంది కదా అని మీ మీదికి తిప్పుతారు.

ఇంకొకటి, కథ రక్తి కట్టాలని అక్క నడవడి మీద లేనిపోనివి కల్పిస్తే అది పరువునష్టమే, పోయిన మనిషి మీద అయినా ఇంట్లోవాళ్ల మనసు నొప్పించేలా నింద వేస్తే బీఎన్‌ఎస్ 356 కింద కేసు వేయొచ్చు.

అక్క కేసులో వచ్చిన తీర్పు సర్టిఫైడ్ కాపీ తీసుకోండి, పోస్టర్లు, ఇంటర్వ్యూలు తేదీలతో దాచిపెట్టండి. నిర్మాతకు రిజిస్టర్డ్ పోస్టులో లాయర్ నోటీసు, హైదరాబాద్‌లోని సెన్సార్ బోర్డు ఆఫీసుకు దాని కాపీ, అప్పటికీ వినకపోతే అమరావతి హైకోర్టులో రిట్ పిటిషన్ వేయండి. పేరు ఇప్పటికే పోస్టర్‌లో పడి ఉంటే స్టేషన్‌లో కంప్లైంట్ కూడా ఇవ్వండి. రిలీజ్ ముందురోజు పోతే ఇన్నాళ్లు ఏం చేసినారు అని జడ్జిగారే అడుగుతారు. ఫీజుకు భయపడొద్దు, కడప జిల్లా కోర్టులో న్యాయసేవాధికార సంస్థ ఉంది, 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా లాయర్‌ను ఉచితంగా పెడతారు, 15100కు ఫోన్ చేసినా దారి చెప్తారు.