చేపల వేటకు పడవ కిరాయి నేనే కట్టాను, వాటా ఇవ్వనివారిపై కేసు వేయవచ్చా?

ప్రశ్న: మాది హైదరాబాద్, ఉప్పల్. కాలేజీ మిత్రులు, మా తోడల్లుడు, నేను కలిసి ఆరుగురం అండమాన్‌లో సముద్రంలో గాలంతో చేపల వేటకు వెళ్లాలనుకున్నాం, పడవ నేనే మాట్లాడాను. రెండు రోజులకు పడవ మొత్తానికి కిరాయి 1,80,000 రూపాయలు. తలా 30,000 పడుతుందని వాట్సాప్ గ్రూపులో పెడితే ఒక మిత్రుడు ‘సరే, నా 30 జీతం రాగానే వేస్తా’ అని రాశాడు, తోడల్లుడు బొటనవేలు పైకెత్తిన బొమ్మ (ఎమోజీ) పెట్టాడు. 2023 నవంబరు 20న 80,000 నా ఖాతా నుంచి పంపాను. మిగతా లక్ష 2024 జనవరి 12న రేవులో నగదుగా ఇచ్చాను. ఇద్దరు వెంటనే వాటా ఇచ్చేశారు. ఒకతను వచ్చి కూడా, వాంతులతో పడుకున్నానని, ఒక్క చేపా పట్టలేదని 10,000 చేతిలో పెట్టాడు. ‘జీతం రాగానే’ అన్న మిత్రుడు, తోడల్లుడు చివరి వారంలో మానేశారు. ఖాళీ అయిన చోటుకు మా ఆఫీసులో ఒకతను వస్తానన్నా, మా జట్టువాడు కాదని వద్దన్నాను. మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టి డబ్బు సర్దిన నన్ను ఇలా మోసం చేయవచ్చా? చిట్టీ పూచీకి తోడల్లుడు సంతకం చేసి ఇచ్చిన ఖాళీ చెక్కు నా దగ్గరే ఉంది. 30,000 రాసి బ్యాంకులో వేయమని ఒకరు సలహా ఇచ్చారు. వేయవచ్చా? లేదంటే వాటా ఇచ్చినవారినే ఇంకొంత సర్దమనవచ్చా? పాత ఫోను మార్చేశాను, స్క్రీన్‌షాట్లు మాత్రం ఉన్నాయి.

జవాబు: గాజుల తాకట్టు కోర్టుకు అక్కర్లేదు. మీరు డబ్బు కట్టకముందు ఈ ముగ్గురిలో ఎవరు, ఎంత ఇస్తామని మాట ఇచ్చారన్నదే కోర్టు చూస్తుంది. పడవ మాట్లాడింది మీరు ఒక్కరే కాబట్టి యజమానికి బాకీపడింది కూడా మీరే. మిగతావారి బాధ్యత వారు మీకు ఇచ్చిన మాటలోంచే పుట్టాలి. ‘వస్తాను’ అన్నంత మాత్రాన ‘ముప్పై వేలు ఇస్తాను’ అన్నట్టు కాదు.

పడవ ఎక్కినతని సంగతి తేలిక. కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ ప్రకారం, ఉచితంగా ఇచ్చే ఉద్దేశం లేకుండా మీరు చేసిన ఖర్చుతో లబ్ధి పొందినవాడు ఆ మేరకు చెల్లించాలి. కిరాయి పడవకు గానీ గాలానికి పడిన వంజరానికి కాదు. పైగా 10,000 ఇచ్చి తనకూ వాటా ఉందని తానే ఒప్పుకున్నాడు.

మానేసిన ఇద్దరికీ ఈ సెక్షన్ పనికిరాదు, ఎందుకంటే వాళ్లు పడవే ఎక్కలేదు. అక్కడ మాటే ఆధారం. ‘నా 30’ అన్న మిత్రుడు మాట తప్పినట్టే. అయితే ఆఫీసు మనిషిని వద్దన్నది మీరే. నష్టం తగ్గించుకునే వీలుండీ వాడుకోకపోతే, 73వ సెక్షన్ కింద పరిహారం లెక్కగట్టేటప్పుడు కోర్టు దాన్ని చూస్తుంది. ఎదుటి వకీలు మీ మీద వేసే మొదటి ప్రశ్న అదే. అడిగితే నిజమే చెప్పండి. ఇద్దరు మానేస్తే ఒక చోటే నిండేది కాబట్టి నష్టమంతా మీ తప్పేనని మాత్రం ఎవరూ అనలేరు.

తోడల్లుడిది బలహీనమైన వ్యవహారం. కెనడాలో ఒక కోర్టు 2023లో బొటనవేలి ఎమోజీని ఒప్పందానికి సంతకంగా అంగీకరించింది గానీ, ఆ తీర్పుకు మన కోర్టులు కట్టుబడవు. ఆ గుర్తు ఏ సందేశం కింద పడిందో, తర్వాత సెలవు గురించో విమాన టికెట్ల గురించో అతను ఏమైనా రాశాడో వెతకండి.

ఇక మీ నిర్లక్ష్యం. లక్ష రూపాయలు చేతిలో పెట్టి చిత్తుకాగితం మీదైనా రసీదు రాయించుకోలేదు. సాక్ష్యమున్న ఫోను మార్చుకున్నారు. స్క్రీన్‌షాట్‌ను ఎవరైనా తయారు చేయవచ్చని ఎదుటివారు అంటారు. భారతీయ సాక్ష్య అధినియమ్ (పాత సాక్ష్య చట్టం స్థానంలో వచ్చినది) 63వ సెక్షన్ కింద, కంప్యూటర్ నుంచో ఫోను నుంచో తీసిన ప్రతికి ధ్రువపత్రం జతచేయాలి. అందులో ఒక భాగం ఆ పరికరం ఎవరి అధీనంలో ఉందో వారిది, రెండో భాగం నిపుణుడిది. అదృష్టవశాత్తూ వాటా ఇచ్చిన ఇద్దరూ అదే గ్రూపులో ఉన్నారు. వారి ఫోన్లలో సంభాషణ ఉంటే దాన్ని చెరపవద్దని ఈ రోజే చెప్పండి. పడవ యజమానికి రాసి, మొత్తం కిరాయి ముట్టిందని, ఏ తేదీన ఎంత ఇచ్చారో రాతలో తెప్పించుకోండి. పాత తేదీ వేసిన రసీదు మాత్రం వద్దు.

గడువు విషయంలో ఏమరుపాటు పనికిరాదు. ఒకరి తరఫున కట్టిన సొమ్ము రాబట్టడానికి లిమిటేషన్ చట్టం ఇచ్చేది మూడేళ్లు, అదీ కట్టిన రోజు నుంచి. అడ్వాన్సు సొమ్ముకు ఆ లెక్క 2026 నవంబరు 20తో, రేవులో ఇచ్చినదానికి 2027 జనవరి 12తో ముగుస్తుంది. మాట తప్పిన రోజు నుంచి లెక్కించాలని వాదించే వీలుంది గానీ, ఆ వాదన మీద ఆధారపడేంత ఆలస్యం చేయకండి. ఫోనులో ‘ఇస్తాలే’ అంటే గడువు పెరగదు. లాయరు నోటీసు పంపినా పెరగదు. గడువు లోపల బాకీని ఒప్పుకుంటూ రాసి సంతకం చేస్తేనే అక్కడి నుంచి కొత్త మూడేళ్లు మొదలవుతాయి. నోటీసు వల్ల లాభం మరొకటుంది: వడ్డీ గురించి ముందుగా అనుకోకపోయినా, వడ్డీ కోరతామని అందులో రాస్తే ఆ తేదీ నుంచి కోర్టు వడ్డీ ఇప్పించవచ్చు.

ఆ చెక్కు జోలికి వెళ్లకండి. సంతకం అసలైనదే కదా అని మీకు సలహా ఇచ్చినవారు చట్టం చదవలేదు. ఖాతాదారు సంతకం చేసి మొత్తం రాయని చెక్కులో ఇంకొకడు మోసపూరితంగా అంకె నింపితే అది ఫోర్జరీ అని భారతీయ న్యాయ సంహిత 335వ సెక్షన్‌లో ఉదాహరణ ఇచ్చి మరీ చెప్పారు. చెక్కు విలువైన పత్రం కాబట్టి 338వ సెక్షన్ కింద శిక్ష యావజ్జీవం లేదా పదేళ్ల వరకు జైలు. అతను ఇచ్చింది చిట్టీ పూచీకి, మీరు నింపేది పడవ కిరాయికి. చెక్కు ఎప్పుడు, ఎందుకు ఇచ్చారని మిమ్మల్ని బోనులో అడిగిన రోజున, బాకీ రావలసిన మీరే ముద్దాయి అవుతారు. చిట్టీ ముగిసి ఉంటే దాన్ని తిరిగి ఇచ్చేసి, అందినట్టు సంతకం తీసుకోండి. మోసం కేసు పెడతామని స్టేషన్‌కు వెళ్లడమూ వృథాయే. మొదటి నుంచీ ఎగ్గొట్టే ఉద్దేశం ఉందని చూపలేకపోతే అది సివిల్ తగాదా.

చేయవలసింది: ముగ్గురికీ విడివిడిగా, ఎవరి మొత్తం వారికి చూపుతూ రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. కదలకపోతే పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టు న్యాయ సేవాధికార సంస్థలో, కేసు వేయకముందే లోక్ అదాలత్ కోసం దరఖాస్తు ఇవ్వండి. ప్రతివాదులు నగర శివార్లలో ఉంటే ఆ జిల్లా సంస్థకు వెళ్లండి. అక్కడ కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. కానీ వాళ్లు ఒప్పుకుంటేనే రాజీ. దాని కోసం ఎదురుచూస్తూ గడువు దాటనివ్వకండి, దావా ప్రతి సిద్ధంగా ఉంచుకోండి. ఒప్పందం హైదరాబాద్‌లోనే కుదిరింది కాబట్టి అండమాన్ కోర్టుకు పోనక్కర్లేదు. ముగ్గురి దగ్గరా కలిపి 80,000 రావాలి. పడవ ఎక్కినతని 20,000 మీద గట్టిగా నిలబడండి. తోడల్లుడి దగ్గర ఎంతకు దిగితే అంతకు రాజీ పడటం మంచిది.

వాటా ఇచ్చిన ఇద్దరిని అదనంగా అడిగే హక్కు మీకు లేదు. తలా 30,000 అని చెప్పి, వారి దగ్గర అంతా పుచ్చుకున్నారు. ఇంకా అడిగితే వారు గ్రూపు నుంచి వెళ్లిపోవచ్చు, వారితోపాటు మీ సాక్ష్యమూ పోతుంది.