ఫోన్ ఎత్తనిది మీరు, అత్తమ్మ కాదు

ప్రశ్న: హనుమకొండలో ఉంటాం. మాకు పిల్లల్లేరు. ఏడాదిన్నర కింద బాలల సంక్షేమ కమిటీ వాళ్లు ఫోస్టర్ కేర్ (దత్తత కాకుండా, కొంతకాలం పెంచే ఏర్పాటు) కింద మహబూబాబాద్ వైపు తండాలోని ఎనిమిదేళ్ల లంబాడి పాపను మాకు అప్పగించారు. తండ్రి లేడు, తల్లి మానసిక జబ్బుతో చికిత్సలో ఉంది. నాయినమ్మ ప్రతి ఆదివారం రాత్రి ఫోన్ చేస్తుంది. ఆ రాత్రి పాప పక్క తడుపుతుంది. దుప్పటి కింద బొమ్మతో తండా భాషలో గుసగుసలాడుతుంది. ఆ భాష ఇంట్లో వినపడొద్దని మా అత్తమ్మ పట్టు. అందుకే నెల రోజులుగా ఫోన్ ఎత్తడం లేదు. మేం పెట్టుకున్న పేరు బడిలో రాయించడం ఎలా? దత్తత ఎప్పుడిస్తారు?

జవాబు: పేరు మార్చడం కుదరదు, ఆ ఆలోచన మానుకోండి. పెంచుతున్నది మీరే అయినా చట్టం దృష్టిలో ఆమె ఇప్పటికీ ఆ తల్లి బిడ్డే. ఆధార్‌లో ఒక పేరు, బడి రిజిస్టర్‌లో ఇంకో పేరు ఉంటే రేపు ఎస్టీ సర్టిఫికెట్‌కు మీసేవలో పెట్టిన దరఖాస్తు తహసీల్దార్ ఆఫీసులో చిక్కుకుంటుంది. గురుకులం సీటు, స్కాలర్‌షిప్ దానితోనే ముడిపడి ఉంటాయి. ఇక దత్తత అంటారా, ఫోస్టర్ కేర్‌లో పెంచినవాళ్లు దత్తత కోరడానికి ఆగాల్సిన ఐదేళ్లను 2024 ఫోస్టర్ కేర్ మార్గదర్శకాలు రెండేళ్లకు తగ్గించిన మాట నిజమే. కానీ అంతకన్నా ముందు, పాపను దత్తత ఇవ్వొచ్చని కమిటీయే ప్రకటించాలి. తల్లి ఉంది, వారం వారం అడిగే నాయినమ్మ ఉంది. రోజులు లెక్కపెట్టుకోకండి.

ఉత్తరంలో సగం అత్తమ్మ మీదే రాశారు. ఆమెను పక్కన పెడదాం. ఫోన్ ఉన్నది మీ చేతిలో. నాకు కనిపిస్తున్న చిక్కల్లా మీకూ ఆ నాయినమ్మకూ మధ్య ఉంది. ఆమెను మీరు పోటీదారుగా చూస్తున్నారు.

ఫోన్ వల్ల పాప పాడవుతోందని అనుకుంటున్నారు గానీ, వారమంతా దాచుకున్న బెంగ ఆ రాత్రి బయటికొస్తోంది. ఫోన్ ఆపితే పక్క తడపడం తగ్గనూవచ్చు, పిల్ల కుదురుకుందని మీరు సంబరపడనూవచ్చు. ఆ వయసు పిల్లకు మాత్రం నాయినమ్మ చచ్చిపోయిందనో, తన తప్పుకే వదిలేసిందనో అనిపిస్తుంది. పగలు కూడా తడుపుతున్నా, మంటగా ఉందన్నా మూత్ర పరీక్ష చేయించండి. బొమ్మ సంగతి మీరు ఫిర్యాదుగా రాశారు. మీ ఇంట్లో తన భాష వినడానికి ఆ పిల్లకు మిగిలింది ఆ బొమ్మ ఒక్కటే.

మంచి ఇల్లు, మంచి బడి ఇస్తున్నాం కదా అన్న మాట కొత్తది కాదు. అలాగే అనుకుంటూ ఆదివాసీ పిల్లలను తెల్లవాళ్ల ఇళ్లకు తరలించిన అమెరికా, 1978లో ఆ పిల్లలను ముందు బంధువులకే ఇవ్వాలని చట్టం చేసుకుంది. అక్కడి ఆదివాసీ పిల్లలను అలాగే ఇళ్లనుంచి తీసుకుపోయినందుకు ఆస్ట్రేలియా ప్రధాని 2008లో పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. న్యూజిలాండ్‌లో ఇరిహపేటి రామ్స్‌డెన్ అనే మావోరీ నర్సు, అందుకున్న సేవ భద్రంగా ఉందో లేదో చెప్పాల్సింది దాన్ని పొందినవాళ్లేనని వాదించింది. మీ ఇల్లు ఎలా ఉందో పాపను అడగాలి, అత్తమ్మను కాదు.

మన 2015 బాలల న్యాయ చట్టం 44వ సెక్షన్ ప్రకారం కన్నవాళ్లు బిడ్డను చూడ్డానికి రావచ్చు. వద్దనాలంటే కమిటీయే, కారణం రాతలో పెట్టి, అనాలి. నాయినమ్మ విషయంలోనైనా ఆ నిర్ణయం కమిటీదే, మీది కాదు.

ఈరోజే ఆ ముసలమ్మకు ఫోన్ చేసి ముందు మీరు మాట్లాడండి, తప్పయిందని చెప్పండి. రాత్రి వద్దు, ఆదివారం పొద్దున పదింటికి పెట్టుకోండి, తేరుకోవడానికి పాపకు పగలంతా ఉంటుంది. పావుగంట, ఇరవై నిమిషాలు చాలు. స్పీకర్ పెట్టకండి, పక్కన నిలబడి "తెలుగులో చెప్పు" అనకండి, అయ్యాక "ఏమన్నది?" అని ఆరా తీయకండి. పరుపు మీద ప్లాస్టిక్ షీటు వేసి, మార్చుకోవడానికి ఇంకో దుప్పటి పాప చేతికి అందేలా పెట్టండి. అత్తమ్మ ముందు ఆ ఊసెత్తొద్దు.

జిల్లా బాలల పరిరక్షణ అధికారితో మాట్లాడి నెలకోసారి కలిపించండి. ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు, ఆమె ఆధార్ తెచ్చుకుంటే చాలు. శ్రావణంలో లంబాడీల తీజ్ పండుగకు పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి తొమ్మిది రోజులు నీళ్లు పోస్తారు. చల్లే రోజూ, నిమజ్జనం రోజూ అయినా పాప తండాలో ఉండాలి. రాత్రి అక్కడ పడుకునేలా ఉంటే కమిటీ అనుమతికి ముందే అర్జీ పెట్టండి.

ఇంకో మాట, మీకు మింగుడుపడదని తెలుసు. పిల్లల సంరక్షణకు కేంద్రం పెట్టిన పథకం మిషన్ వాత్సల్యలో పాప కోసం మీకొచ్చే నెలకు ₹4,000 లాంటిదే, బంధువుల ఇంట్లో పెరిగే పిల్లలకు స్పాన్సర్‌షిప్ కింద ఉంది. పల్లెల్లో ఏడాది ఆదాయం ₹72,000 దాటకూడదు. ఈ సంగతి నాయినమ్మకు ఎవరైనా చెప్పారా? పరాయి ఇంటికి డబ్బిచ్చి, సొంత ముసలమ్మకు ఆ దారి చూపకపోతే ఆ న్యాయం నాకు అర్థం కాదు. ఆమె ఆధార్, ఆదాయ సర్టిఫికెట్, కొడుకు మరణ ధ్రువీకరణ, కోడలి చికిత్స కాగితాలు పట్టుకుని ఆఫీసుకు మీరే తోడు వెళ్లండి. ఆమె పెంచగలదా లేదా అన్నది కమిటీ తేలుస్తుంది.

ఈసారి కమిటీ వాళ్లు నెలవారీ తనిఖీకి వచ్చినప్పుడు ఫోన్ ఆపిన సంగతి మీ నోటితోనే చెప్పండి, పాప చెప్పేదాకా ఆగకండి.