వెనక కూర్చునే పికప్‌కు ఏ ఊతం?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా విడవలూరు మండలం. రొయ్యల గుంటల మీదికి మేత బస్తాలు వేసుకుని, వెనక రెండు చక్రాల ట్రైలర్ మీద జనరేటర్‌ను లాక్కుని పికప్‌లో తిరుగుతుంటాను. ట్రైలర్, జనరేటర్ కలిపి కాటా మీద 1,200 కిలోలు తూగాయి. తగిలించగానే బండి వెనక కూర్చుంటోంది, స్టీరింగ్ తేలిపోతోంది. రాత్రిపూట లైట్లు కళ్లలో పడుతున్నాయని ఎదురొచ్చేవాళ్లు తిడుతున్నారు. మేస్త్రీ వెనక ఇరుసు దగ్గర బరువు మోసే స్ప్రింగు కట్టలో రెండు కమాను పట్టీలు అదనంగా వేద్దామంటున్నాడు. మా బామ్మర్ది ఇరుసుకూ చాసిస్‌కూ మధ్య గాలి నింపే తిత్తులు, అదే ఎయిర్ బ్యాగులు పెట్టించమంటున్నాడు. ఏది మేలు?

జవాబు: ఏది కొనాలో తేల్చుకునే ముందు ఒక కొలత తీయండి. ట్రైలర్‌ను విప్పి చదునైన నేల మీద నిలిపి, దాని నొగ కొనను బండికి తగిలించే ఎత్తులోనే ఉండేలా ధాన్యం తూచే కాటా మీద ఆనించి తూచండి. ఇటువంటి ఒంటి ఇరుసు ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం నొగ మీద పడాలి. మీ లెక్కకు అది 120 నుంచి 180 కిలోలు. ఎద్దుల బండి తోలినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. బస్తాలన్నీ ముందుకు వేస్తే కాడి ఎద్దుల మెడను అణుస్తుంది, వెనక్కు వేస్తే కాడి పైకి లేచి పలుపులు గొంతుకు బిగుస్తాయి. ట్రైలర్‌కు ఈ వెనకమొగ్గు మరింత ప్రమాదం, ఎందుకంటే వేగం పెరిగేసరికి అది అటూ ఇటూ ఊగుతూ లాగే బండిని కూడా తిప్పేస్తుంది. కాబట్టి నొగ మీది బరువు 180 దాటితే జనరేటర్‌ను ట్రైలర్ మీదనే కొద్దిగా వెనక్కు జరిపి బిగించండి గాని, 120కి తగ్గనివ్వకండి.

ఇక స్టీరింగ్ తేలిపోవడం. ట్రైలర్‌ను తగిలించే కొక్కెం బండి వెనక ఇరుసుకు 1.2 మీటర్లు అవతల ఉందని, ముందు వెనక చక్రాల మధ్య దూరం 3 మీటర్లని అనుకుందాం. ఆ కొక్కేనికి 150 కిలోలు వేలాడితే వెనక ఇరుసు మీద 210 కిలోలు పడతాయి, ముందు చక్రాల మీద 60 కిలోలు తగ్గుతాయి. పట్టీలు వేసినా, బ్యాగులు పెట్టినా బండి వెనకభాగం ఎత్తుకు వస్తుందే తప్ప ఆ 60 కిలోలు ముందుకు తిరిగి రావు. వాటిని రాబట్టాలంటే 25 కిలోల మేత బస్తాలను వెనక తలుపు దగ్గర కాకుండా క్యాబిన్ గోడకు ఆనించి పేర్చండి. దీనికి పైసా ఖర్చు లేదు, అందుకేనేమో ఏ షాపులోనూ చెప్పరు.

ఇంత చేసినా వెనక కూర్చుంటుంటే, అప్పుడు ఊతం సంగతి. మేస్త్రీ చెప్పినట్లు కట్టలోనే రెండు పట్టీలు చేరిస్తే బరువున్నప్పుడు బాగానే ఉంటుంది గాని, ఖాళీగా కాలవగట్ల మీద పోయేటప్పుడు వెనక చక్రాలు నేలను వదిలి ఎగురుతాయి. ఎయిర్ బ్యాగుల్లో బరువును బట్టి గాలి పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. అది నిజంగా సుఖమే. అయితే ఖాళీ బండిలో కూడా వాటిలో కనీసపు గాలి ఉంచాలి, సైలెన్సర్ గొట్టం వేడి తగలకుండా చూడాలి, గుంటల ఉప్పునీరు తగిలే జాయింట్లను తరచుగా సబ్బు నురగతో పరీక్షించుకోవాలి. దారిలో ఒక వైపు గాలి పోతే బండి ఆ పక్కకు ఒరుగుతుంది. రోజూ సగం దూరం ఖాళీగానే తిరిగే మీకు, మామూలు కట్ట పైన విడిగా ఉండి బరువు పడి చాసిస్ కిందికి దిగినప్పుడు మాత్రమే దాని దిమ్మెలకు ఆనే హెల్పర్ పట్టీ సరిపోతుందని నా అభిప్రాయం. మీ బండి కట్ట మీద అది ముందే ఉంటే, అరిగి వంపు పోయిందేమో చూపించండి. అలాగైతే కొత్తది చేర్చడం కన్నా పాతదాన్ని మార్చడమే న్యాయం. బిగించిన తర్వాత 500 కిలోమీటర్లు తిరిగాక, కట్టను ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టులను మళ్లీ బిగించడం మరవకండి.

చాలామంది పట్టించుకోనిది ఒకటుంది. అనేక పికప్‌లలో వెనక ఇరుసు నుంచి చాసిస్‌కు ఒక సన్నని కడ్డీ, దాని చివర బ్రేకు వాల్వు ఉంటాయి. బండి ఎంత కిందికి దిగితే అంత బరువుందని ఆ వాల్వు అర్థం చేసుకుని వెనక బ్రేకులకు ఒత్తిడి పెంచుతుంది. మీరు వెనకభాగాన్ని ఎత్తితే, బరువు ఉన్నా లేనట్లే లెక్కవేసి ఒత్తిడి తగ్గిస్తుంది. కనుక పట్టీ వేయించిన రోజునే కంపెనీ వర్క్‌షాపులో ఆ వాల్వును, హెడ్‌లైట్లను సరిచేయించండి. ఎన్ని పట్టీలు వేసినా ఆర్సీలో రాసిన మొత్తం బరువు మారదు. నొగ మీది బరువును కూడా అందులోనే లెక్కవేసుకోవాలి.

ప్రశ్న: చీమకుర్తి దగ్గర కంప్రెసర్ లాగే పికప్ మాది. గట్టి షాక్ అబ్జార్బర్లు వేయిస్తే వెనక లేస్తుందా?

జవాబు: లేవదు. మామూలు షాక్ అబ్జార్బర్ ఊపును అణుస్తుంది గాని బరువు మోయదు. మోసేది కమాను పట్టీయే.